మామ మాయం చేసిన తోట

ఆ రోజుల్లో ఊరు చూద్దామని ఊరికి ఎవరూ వచ్చేవాళ్లు కారు. వచ్చారంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికే. ఒకాయన వస్తే కోడి పోయేది, ఇంకొకాయన వస్తే మేక పోయేది, సర్కారుకు ధాన్యం వసూలు చేసే లెవీ వాళ్లొస్తే గరిసెలో వడ్లు పోయేవి. ఇప్పుడు మనవలు, మనవరాళ్లు ఎక్కడెక్కడికో టూర్లు పోయి, ముందు గొడుగెత్తి నడిచే గైడు వెనక వరసగా నిలబడి తీయించుకున్న ఫోటోలు నాకు చూపిస్తుంటారు. "తాతా, నీకు ఇవన్నీ తెలియవులే" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. షామీర్‌పేట వైపు మొట్టమొదటి గైడును నేనే అని చెబితే వాళ్లెవరూ నమ్మరు. (ఆ తర్వాత చాలా ఏళ్ల వరకు అటు ఇంకో గైడు పుట్టకపోవడానికి కారణం కూడా నేనే. ఎందుకో మీరే చూస్తారు.) ఊరి సంగతి అక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా అంటే, తెలుసు. కానీ ఇరవై ఏళ్ల వయసు, మెట్రిక్ పాసయ్యాను, లష్కర్లో కుర్చీ మీద కూర్చుంటున్నాను. తెలిసినవన్నీ మర్చిపోవడమే చదువు అనుకునే రోజులవి.

లష్కర్ అంటే సికింద్రాబాదే, మా నోటికి అలాగే వచ్చేది. అక్కడ దొరసానులు, కొందరు మన పెద్దమనుషులు కలిసి నడిపే తోటల సంఘం ఒకటుండేది. అందులో నేను విత్తనాలు పొట్లాలు కట్టి, వాటి మీద ఇంగ్లీషులో పేర్లు రాసేవాణ్ణి. కొలువు టెంపరరీ. ఎప్పుడు పర్మినెంటు చేస్తారో చెప్పే మనిషి మా సెక్రటరీ గారు. ఆయన కోటుకు రోజూ ఒక గులాబీ గుచ్చుకునేవారు కాబట్టి మేము గులాబీ సారు అనేవాళ్లం. పర్మినెంటు కాకపోతే నా గతి ఏమిటో కూడా ముందే ఖాయమై ఉంది. షామీర్‌పేట అవతల లాల్‌గడి మలక్‌పేటలో మా మేనమామకు తోట ఉంది, తోటలో బావి ఉంది, బావికి ఎడ్లతో నీళ్లు తోడే మోట ఉంది. మామకు పిల్లలు లేరు. నేను కనబడ్డప్పుడల్లా, "గా కుర్సీల కూసుంటె నడుము ఒంగుతది అల్లుడా. ఎన్నడన్న తీసేస్తరు నిన్ను. మోట కాడికి రా, ఎడ్లు నీ కోసమే ఎదురుసూస్తున్నయి" అనేవాడు. ఎడ్ల వెనక పొద్దంతా ముందుకీ వెనక్కీ నడవడం తలుచుకుంటేనే నాకు కాళ్లు పీకేవి. అమ్మ అయితే, మా వాడు పర్మినెంటయ్యాడని వాడకట్టంతా అప్పటికే చెప్పేసింది. ఇక నేను కాకుండా ఉండే వీల్లేదు.

ఇలా ఉండగా ఒకనాడు ఐర్లాండు అమ్మ ఆఫీసుకొచ్చింది. బొల్లారంలో పిల్లలకు పియానో నేర్పే ఆవిడ. ఎర్ర జుట్టు, మొహమంతా చుక్కలు, పెద్ద నవ్వు. ఐర్లాండులో పడమటి దిక్కున, సముద్రం ఒడ్డున ఎక్కడో ఆమె పుట్టిన పల్లె. అక్కడ ఎండాకాలం తోటలు చూసే టూర్లు ఉంటాయని చెప్పింది. ఒక బస్సులో ఇరవై మంది ఎక్కుతారట. గైడు ఒకడు చేతిగంట పట్టుకుని ముందుంటాడు. తోట తోటకూ ఆపి చెట్ల కథలు చెబుతాడు. దారిలో పల్లెలు, రాతి గోడలు, గొర్రెలు, చెరువులు చూపిస్తాడు. మధ్యలో వాన వస్తుంది, అందరూ తడుస్తారు, టీ తాగి ఇళ్లకు పోతారు. "అలాంటిది ఇక్కడ మనమూ ఎందుకు చెయ్యకూడదు?" అంది. గులాబీ సారు కోటు గులాబీ సర్దుకుని, "వాన సంగతి చెప్పలేను గానీ, మిగతావన్నీ ఏర్పాటు చేయొచ్చు" అన్నారు. తర్వాత మా వైపు తిరిగి, "బొల్లారం అవతల మంచి తోట ఎవరికైనా తెలుసా?" అని అడిగారు.

నా చెయ్యి నన్నడగకుండానే లేచింది. మా మామ తోటలో జామలున్నాయన్నాను, గులాబీలున్నాయన్నాను, చామంతి మళ్లు ఎకరం పొడుగునా ఉన్నాయన్నాను. నిజానికి ఇవన్నీ ఉన్నవే. అక్కడితో ఆగితే బాగుండేది. "బృందావనం లాగా ఉంటుంది సార్" అని కూడా అన్నాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే గైడువు నువ్వే. ఇది సక్రమంగా జరిగితే నిన్ను పర్మినెంటుకు రాస్తాను. జరక్కపోతే ఒకటో తారీఖు నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. ఐర్లాండు అమ్మ తన ఇంట్లోని ఇత్తడి చేతిగంట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ వారమంతా నేను ఇంట్లో అద్దం ముందు గంట కొడుతూ ఇంగ్లీషు మాట్లాడాను. పక్కింటావిడ, మీ వాడికి ఈ మధ్య భక్తి ఎక్కువైందేమిటని అమ్మనడిగిందట.

మామకు ఉత్తరం రాశాను. ఆయనకు చదువు రాదు, కిరాణా సేటు చదివి వినిపిస్తాడు. అందుకని అందరికీ అర్థమయ్యేటట్టు మా మాటల్లోనే రాశాను. "మామకు దండాలు. వచ్చే ఐతారం పదహారు మంది దొరసానులు, మా పెద్దసారు మన తోటకు వస్తున్నరు. దారిల ఊర్లు గూడ సూస్తరు. చెట్టు చెట్టు కాడ ఆగి, ఏమేమున్నయో కితాబుల రాసుకుంటరు. ముందుగాల్నే చెప్తున్న, తయారుగ ఉండు. నా నౌకరి దీని మీదనే ఉన్నది." ఈ ఉత్తరం నేను గైడుగా రాశాను, వాళ్లు విన్నది మాత్రం రైతులుగా. పుస్తకంలో రాసుకునే మనుషులు వస్తున్నారని ముందుగా చెప్పడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. ఆ కబురు అందుకున్న వాడు చెయ్యాల్సిన పని కూడా ఒక్కటే. మూడో రోజు షామీర్‌పేట బస్సు డ్రైవరు చాచా మామ జవాబు పట్టుకొచ్చాడు. "మీ మామ చెప్పమన్నడు, ఫికర్ చెయ్యద్దంట. అంత సర్దుతున్నడంట. మేనల్లుడంటే గిట్లుండాలె అని నలుగురిల చెప్పుకుంటున్నడు." నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

ఐతారం, అంటే ఆదివారం, వచ్చింది. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకదు. బస్సు వెనక ఒక పెద్ద ఇనుప పొయ్యి కట్టి, బొగ్గులు రాజేసి, దాంట్లోంచి వచ్చే గ్యాసుతో నడిపేవాళ్లు. నడవడం అంటే మనం పక్కన నడుస్తూ మాట్లాడుకోవచ్చు, అంత వేగం. డ్రైవరు చాచా ప్రతి రెండు మైళ్లకూ దిగి పొయ్యిని కెలికి, "జర ఠైరో, దీనికి ఆకలైంది" అనేవాడు. పదహారు టోపీలు, పదహారు గొడుగులు, పదహారు నోటు పుస్తకాలు ఎక్కాయి. గులాబీ సారు ముందు సీట్లో చాచా పక్కన కూర్చున్నారు. నాకు తోడుగా ప్రశ్నల దొరసాని దొరికింది. ఆమె అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. కిటికీలోంచి ఏ చెట్టు కనబడినా "ఇదేమిటి? అదేమిటి?" అని అడిగేది. తుమ్మ, తంగేడు, మోదుగ నాకు బాగా తెలుసు, వాటి ఇంగ్లీషు పేర్లే తెలియవు. నాకు వచ్చిన ఇంగ్లీషు పేర్లన్నీ విత్తనాల పొట్లాల మీదివి. తంగేడుకు ఒక కాబేజీ పేరు చెప్పాను. మోదుగకు ముల్లంగి పేరు చెప్పాను. ఆమె అవన్నీ శ్రద్ధగా రాసుకుంది. (సారు ముందు సీట్లో ఉండటం దేవుడి దయ.)

మొదట గుండ్లపోచంపల్లిలో ఆగాం. నేను దిగి గంట కొట్టాను. పదహారు టోపీలూ నా చుట్టూ చేరాయి. "ఇదీ మన పల్లెసీమ" అని చెయ్యి చాపాను. పల్లెసీమలో ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఒక అరుగు మీద మాత్రం అవ్వ ఒకామె గోనెపట్టా మీద కూర్చుని ఉంది. నేనింకా నోరు తెరవలేదు, ఆమె అందుకుంది.

"పటేలు లేడు బిడ్డా. కోళ్లు లేవు. మేకలు రోగమొచ్చి సచ్చిపోయినయి. వడ్లు గింజ గూడ పండలే."

ఆ మాట పూర్తి కాకుండానే ఇంటి వెనకాల కోడిపుంజు గొంతెత్తి కూసింది. అవ్వ చటుక్కున దగ్గు మొదలుపెట్టింది. అది కూసినంతసేపూ దగ్గింది, ఆపగానే ఆపింది. అది మళ్లీ కూస్తే మళ్లీ దగ్గింది. "ఆమె ఏమంటోంది?" అని ప్రశ్నల దొరసాని అడిగితే, "మీకు స్వాగతం చెబుతోంది, కాస్త జలుబు చేసింది" అన్నాను. ఆమె అదీ రాసుకుంది. ఐర్లాండు అమ్మ మాత్రం ఇంటి వెనక్కి ఒకసారి, అవ్వ వైపు ఒకసారి చూసి, బస్సెక్కింది.

మేడ్చల్ మరీ ఘోరం. ఐతారం పూట కళకళలాడాల్సిన బజారు మా బస్సు పొగ చూడగానే ఖాళీ అయిపోయింది. బంతిపూలమ్మే ఆడవాళ్లు గంపలు నెత్తికెత్తుకుని సందుల్లోకి ఉరికారు. గొర్రెల మంద ఒకటి రోడ్డు మీంచి పొలంలోకి, పొలంలోంచి గుట్ట వెనక్కి మాయమైంది. బజారు నడుమ ఒక కుక్క మాత్రం మిగిలింది. దానికి మా కబురు అందినట్టు లేదు. చాచా స్టీరింగు మీద గడ్డం ఆనించి, "క్యా గైడ్ సాబ్, బస్సుల కలరా ఏసుకొచ్చినమా ఏంది? ఒక్కడు గూడ నిలవడ్తలేడు" అన్నాడు. నాకూ అనుమానం మొదలైంది. అయినా, మామ తోట ఉంది కదా, అది చూస్తే ఇదంతా మర్చిపోతారని ధైర్యం చెప్పుకున్నాను. ఎవరికి పడితే వాళ్లకు చెప్పగలిగే ధైర్యం కాదది. నాకు నేనే ఏడెనిమిది సార్లు చెప్పుకున్నాను.

మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే అడ్డదారి నిండా బండలే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలు, వాటి నడుమ రాళ్లు ఏరి కట్టిన పొలం గోడలు. నేను సిగ్గుపడి, "ఇక్కడ చూడ్డానికేం లేదు, అన్నీ రాళ్లే" అన్నాను. ఐర్లాండు అమ్మ బస్సు ఆపించింది. దిగిపోయి, ఒక పొట్టి గోడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. వాళ్ల ఊళ్లో కూడా ఇంతేనట. ముందు రాళ్లు మొలుస్తాయట, తర్వాతే గడ్డి. వాళ్ల తాత ఏరిన రాళ్లతో కట్టిన గోడలు ఇప్పటికీ ఉన్నాయట. ఆమెకు ఊరు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. పూలతోట చూపిద్దామని తీసుకొచ్చిన నేను, ఈమె రాళ్లు చూసి సంతోషపడుతుంటే, గైడును కదా, గంట కొట్టాను.

షామీర్‌పేట చెరువు కట్ట దాటి లాల్‌గడి మలక్‌పేట చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. తోట దగ్గర దిగాను. అబ్బా, ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకున్నా నాకు చెమటలు పడతాయి. చామంతి మళ్లున్న చోట ముళ్లకంప పరిచి ఉంది. గులాబీ మొక్కలకు ఒక్క పువ్వు లేదు, మొగ్గ లేదు, కత్తిరించిన కొమ్మల కొసలు పచ్చిగా మెరుస్తున్నాయి. జామ చెట్ల మీద ఆకులు తప్ప పిందె కూడా లేదు. బావి మీద మోట గిరక లేదు, బొక్కెన లేదు. ఒంగోలు గిత్తల్లాంటి ఎడ్లు కట్టేసి ఉండే కొట్టం ముందు, ఎవరిదో ఎముకల గూడు లాంటి ముసలెద్దు ఒకటి నిలబడి నిద్రపోతోంది. వీటన్నిటి మధ్యలోంచి మా మామ వచ్చాడు. ఆరడుగుల మనిషి, మోట బొక్కెన ఒంటిచేత్తో ఎత్తేవాడు. చిరుగుల గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు. నా దగ్గరికి రాగానే, ఎవరూ చూడకుండా కన్నుగీటాడు.

"ఏమున్నది దొరసానీ," అని మొదలుపెట్టాడు మూలుగుతూ. "అంత ఎండిపోయింది. బాయిల సుక్క నీళ్లు లేవు."

బావిలోకి కప్ప ఒకటి బుడుంగుమని దూకింది. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. పదహారు టోపీలు అటు తిరిగి, మళ్లీ నా వైపు తిరిగాయి. గులాబీ సారు గులాబీ కొమ్మ ఒకటి పట్టుకుని కోత వైపు చూస్తున్నారు. నాకు నా కుర్చీ కళ్లముందు కనబడింది, దాని వెనకాలే మోట కూడా కనబడింది. ఆ భయంలో నా బుర్ర ఎక్కడలేని తెలివీ చూపించింది. "మా వైపు ఏడాదికోసారి తోటకు సెలవిస్తాం" అన్నాను ఇంగ్లీషులో. "పువ్వు, పిందె అన్నీ తీసేసి చెట్టుకు విశ్రాంతి ఇస్తాం. మా మామ అదే చెబుతున్నాడు." పదహారు పెన్సిళ్లు బరబరా రాశాయి. "ఎన్ని రోజుల సెలవు?" అంది ప్రశ్నల దొరసాని. నేను మామ వైపు తిరిగి, పళ్లు కొరుకుతూ, "ఏంది మామా ఇది? ఏం జేసినవ్?" అన్నాను.

"నువ్వు పరేషాన్ గాకు అల్లుడా. నీ ఖబరందంగనే పట్టిన, మూడు దినాలల్ల అంత మాయం జేసిన" అన్నాడు మామ గర్వంగా.

"మూడు రోజులంటున్నాడు" అని తర్జుమా చేశాను.

ఇంటి ముందు అత్త ఒక పెద్ద గంప బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది. మా అత్తది భారీ విగ్రహం. దొరసానులు ఒక్కొక్కరే వెళ్లి చెయ్యి చాపుతున్నా ఆమె లేవలేదు, కూర్చునే అందరికీ చెయ్యిచ్చింది. ఎవరు దగ్గరికొచ్చినా ఆమె కింది నుంచి "క్కొక్కొక్కొ" అని వినబడుతోంది. "కడుపుల గురగుర అంటాందమ్మా, పొద్దట్నుంచి" అంది అత్త నా మొహం చూడకుండా. ఇక జామకాయల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాయల్ని గడ్డివాములో దాచారు సరే, వాసనను ఎక్కడ దాస్తారు? వాము దగ్గర నిలబడితే కడుపు నిండిపోతోంది. ప్రశ్నల దొరసాని కాళ్లు నొప్పులని ఆ వాముకే చేరగిలబడింది. ముందు ఒక కాయ దొర్లింది. తర్వాత ఒకటి. తర్వాత ఆమె టోపీతో సహా వెనక్కి వాలిపోయింది, ఆమె చుట్టూ జామకాయలు వరద లాగా దొర్లాయి. ఒకటి వెళ్లి సరిగ్గా గులాబీ సారు బూటుకు తగిలి ఆగింది. సారు దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. "సెలవు పూర్తయినట్టుందే" అన్నారు.

మామ గొంగడి బిగించుకున్నాడు. ఆ మొహంలో అప్పటిదాకా ఉన్న నాటకం పోయింది, నిజమైన భయం వచ్చింది. అప్పుడు వినబడింది నవ్వు. ఐర్లాండు అమ్మ బావి గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, నన్ను పిలిచింది. "మీ మామకు చెప్పు, మేము సర్కారు మనుషులం కాము. మా ఊళ్లో కూడా భూస్వామి మనిషి వస్తున్నాడంటే ఇంతే. ఇల్లు బాగా కనబడితే కౌలు పెంచేవాళ్లు. అందుకని గోడలకు మసి పూసేవాళ్లం. మా అవ్వ అయితే ఒకసారి పందిని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, మా తాతకు జ్వరమని చెప్పింది."

నేను చెప్పాను. మామ నమ్మలేదు. కళ్లు చిన్నవి చేసి, "పందినా? మంచం మీదనా?" అని, కర్ర మీదికి ఒరిగి, "మరి అది అరువలేదా? అడుగు" అన్నాడు. అడిగాను.

"ఎందుకరవలేదు! అది గుర్రుమన్నప్పుడల్లా మా అవ్వ, పాపం, నొప్పి ఎక్కువైందని ఏడ్చేది. వచ్చినవాడు టోపీ తీసి, దండం పెట్టి పోయాడు" అంది ఆమె.

ఈ మాట నేను పూర్తి చెయ్యలేదు, అత్త పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకు గంప ఊగింది, ఆమె పక్కకు ఒరిగింది, ఏడు కోళ్లు ఒక్కసారిగా దొరసానుల కాళ్ల నడుమ నుంచి దూసుకుపోయాయి. మామ కూడా ఆపుకోలేకపోయాడు. గొంగడి తీసి అవతల పారేశాడు, కర్ర పారేశాడు, కుంటు కూడా పోయింది. "అయితె మనోళ్లే!" అన్నాడు. నా చేతిలోంచి గంట లాక్కున్నాడు.

ఆ తర్వాత జరిగిందే అసలు టూరు. మామ గంట కొడుతూ ముందు, టోపీలన్నీ వరసగా వెనక. "గీడ సూడుండ్రి, మోట గిరక" అని పేడదిబ్బలోంచి తీసి చూపించాడు. "గీడ ఎడ్లు" అని పక్క గుట్ట వెనక్కి తీసుకుపోయాడు. చామంతుల మీది కంప లాగేసరికి ఎకరం పొడుగునా పసుపు పచ్చగా పరుచుకుంది, దొరసానులందరూ ఒక్కసారిగా "ఓ!" అన్నారు. కోసిన గులాబీలు ఇంట్లో నీళ్ల గాబులో తేలుతున్నాయి. గులాబీ సారు దాని ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఒక్కో దాచిన చోటుకూ మామ ఒక కథ చెప్పాడు, ఏ సంవత్సరం ఎవరొచ్చారో, ఏది దొరికిందో, ఏది దొరకలేదో. నేను తర్జుమా చేస్తుంటే చాలదని చేతులతో కూడా చెప్పాడు. టోపీల నిండా జామకాయలు పోసుకున్నారు. ఐర్లాండు అమ్మ, మా ఊరి టూర్లలో తోటలు చూపిస్తారు గానీ, దాచిన చోట్లు ఇంత బాగా ఎవరూ చూపించరు అంది. నేను వారం రోజులు అద్దం ముందు నేర్చుకున్నది ఒక్క ముక్క కూడా పనికిరాలేదు.

బస్సుకు పొయ్యి రాజేస్తున్నారు. అందరూ మజ్జిగ తాగుతున్నారు. గులాబీ సారు మామ పక్కకు వచ్చి కూర్చుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కలం మూత విప్పారు. సారుకు తెలుగు బాగా వచ్చు. "పెద్దాయనా, ఈ అబ్బాయిని చిన్నప్పటి నుంచి ఎరుగుదువు కదా. ఎలాంటివాడు? పనిమంతుడేనా? మా దగ్గర పర్మినెంటుగా పెట్టుకుందామని ఉంది" అన్నారు. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. మామ నవ్వుతూ ఏదో చెప్పబోయి, కలం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. మేము బస్సు దిగినప్పుడు చూసిన మొహమే మళ్లీ వచ్చింది.

"వాడా?" అన్నాడు. "వాడు దేనికి పనికిరాడు దొరా. బక్కోడు. ఒక చెవు సరిగ ఇనవడది. సదువంటే ఉత్త పేరుకే. మీకెందుకు గిసొంటోడు, ఇడిసిపెట్టుండ్రి."

నా రెండు చెవులూ ఆ ముక్కను బ్రహ్మాండంగా విన్నాయి. ఒళ్లు మండిపోయింది. సొంత మేనమామ! సారు నిట్టూర్చి పుస్తకంలో ఒక లైను రాశారు. "ఏమన్నాడు?" అని ఐర్లాండు అమ్మ అడిగితే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పారు. ఈసారి ఆమె నవ్వలేదు. మామ వైపు చాలాసేపు చూసింది. మామ తల వంచుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. "సెక్రటరీ గారూ," అంది ఆమె మెల్లగా, "ఆయన దగ్గర దాచింది ఇంకొకటి ఉంది. అందరికీ చూపించలేదు." సారు కలం ఆగింది. మామను చూశారు, నన్ను చూశారు. రాసిన లైను కొట్టేసి, కింద ఇంకోటి రాశారు.

ఒకటో తారీఖు నుంచి నేను పర్మినెంటు. కానీ ఆ రోజు నేను మామకు పోయొస్తానని కూడా చెప్పకుండా బస్సెక్కాను. ఏడాది దాకా ఆ తోట గడప తొక్కలేదు. ఐర్లాండు అమ్మ నా కొలువు నిలబెట్టడానికి తెలివిగా ఏదో అంది, అంతే అనుకున్నాను. తెలివిలో నాది ఎప్పుడూ ఆ పాటి లెక్కే. చాలా ఏళ్లకు, మామ పోయాక, అత్త ఒకసారి మాటల్లో చెప్పింది. "గా దినం బస్సు పోయినంక మీ మామ బువ్వ గూడ తినలే బిడ్డా. ఎడ్ల కాడ కూసున్నడు. అన్ని దాసిన గని, పోరన్ని దాసుడు శాతగాలే అన్నడు." నేను నీళ్లు తాగి వస్తానని లేచి వెళ్లాను.

రిటైరైన రోజున ఆఫీసులో సభ పెట్టారు. దండలేశారు. ఒకాయన నన్ను కర్మయోగి అన్నాడు, ఇంకొకాయన నేను లేకపోతే ఆఫీసే లేదన్నాడు. (మర్నాడు వెళ్లి చూశాను, ఆఫీసు ఉంది.) వేదిక మీద కూర్చుని అవన్నీ వింటూ నేను నవ్వుతూనే ఉన్నాను. పొగడ్తలకు ఉబ్బిపోతున్నాననుకుని ఉంటారు అందరూ. నలభై ఏళ్లలో నా గురించి మంచి మాటలు చాలామందే అన్నారు, పాపం. కానీ "దేనికి పనికిరాడు దొరా, ఇడిసిపెట్టుండ్రి" అని మా మామ అన్నాడే, నన్ను అంతగా మెచ్చుకున్న మనిషి మళ్లీ దొరకలేదు.